కళ్ళు మండితేనే శుభ్రం

"అది నీళ్ళు కాదత్తయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి?" అంది కోడలు.

"నీళ్ళని నేనెప్పుడన్నాను? నీళ్ళలా ఉందన్నాను," అంది పెద్దావిడ.

"రెండూ ఒకటే."

"ఒకటే అయితే నీకెందుకంత కోపం?"

ఈ మాటలు ఉదయం నుంచీ నడుస్తున్నాయి. పెద్దావిడ పని నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే మొదలై, భోజనాలయ్యాక కూడా సాగుతున్నాయి. గొడవంతా బాత్‌రూమ్‌లో కమోడ్ లోపల ఉన్న పసుపు చార గురించి. కోడలు తయారుచేసిన తొక్కల నీళ్ళతో వారం రోజులుగా తోముతున్నా ఆ చార పోలేదు. పెద్దావిడ ఆ మాట అనకుండా ఉంటే బావుండేది. కానీ ఇరవై రెండేళ్ళుగా ఒక పెద్ద ఆఫీసు భవనంలో ఏడో అంతస్తు మొత్తం శుభ్రం చేస్తున్న మనిషి, తన ఇంట్లోనే చార కనిపిస్తుంటే ఎంతసేపని నోరు కట్టుకుంటుంది?

కోడలు వంటింటి గట్టు మీద గాజు సీసా పెట్టి, పాత నూలుగుడ్డ రెండు మడతలు వేసి దాని మూతికి కట్టింది. పెద్ద సీసాలో రెండు వారాలుగా నానిన నారింజ తొక్కలు రంగు దిగి మెత్తబడ్డాయి. వెనిగర్ తేనెరంగుకి తిరిగింది. ఆమె పెద్ద సీసాని నెమ్మదిగా వంచి వడగడుతోంది. బుక్ బైండింగ్ షాపులో పనిచేసే చేతులు. జిగురు పూసేటప్పుడు చుక్క పక్కకి పోనివ్వనట్టే ఇక్కడా పోనివ్వవు. వడగట్టినదానికి సమానంగా నీళ్ళు కలిపి స్ప్రే సీసాల్లో పోస్తే గట్టుకి, అద్దాలకి, కుళాయిలకి. వంటసోడాలో కాస్త సబ్బు తురుము కలిపి ముద్ద చేస్తే సింకుకి, మాడిన గిన్నెలకి. నాలుగేళ్ళ కూతురు పిట్టకి ఆయాసం పట్టుకున్న దగ్గర్నుంచి ఈ ఇంట్లో వేరే ఏదీ వాడటం లేదు. ఘాటు వాసనలేవీ పడవని డాక్టరు చెప్పిన రోజే కోడలు ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ సంచిలో వేసి కట్టేసింది.

"వాసన చూసి చెప్పండి, ఘాటు తగ్గిందా?" అని సీసా అందించింది కోడలు. అది రాజీకి వచ్చే పద్ధతి.

పెద్దావిడ సీసా అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, జనం ఎలా చేస్తారో అలా కళ్ళు కొద్దిగా మూసి, గాలి పీల్చి, లోపల రెండు లెక్కపెట్టుకుంది.

"తగ్గింది. నిమ్మ వాసన బాగా తెలుస్తోంది."

"ఇందులో నిమ్మ వెయ్యలేదత్తయ్యా. అంతా నారింజే."

"ఏదో ఒకటి. రెండూ ఒక జాతేగా," అని సీసా తిరిగి ఇచ్చేసి, అక్కడ లేని మరకని పమిటచెంగుతో తుడిచింది.

ఆమెకి వాసన తెలియక ఐదేళ్ళు దాటింది. మొదట్లో జలుబనుకుంది. తర్వాత జలుబు కాదని తెలిసింది. ఒక ఉదయం ఏడో అంతస్తులో బకెట్‌లో బ్లీచ్ పోసి, మూత వెయ్యడం మరిచి, గంటసేపు దాని పక్కనే పనిచేసుకుపోయింది. పైకి వచ్చిన గుమాస్తా ఒకడు ముక్కు మూసుకుని వెనక్కి పరుగెత్తాడు. అతను పరుగెత్తడం చూసి తెలుసుకుంది. ఎవరికీ చెప్పలేదు. పనిచోట చెబితే పని పోతుంది. ఇంట్లో చెబితే ఇంకా పెద్దది పోతుంది.

ఆ పెద్దది ఇప్పుడు బల్ల కింద కూర్చుని, ఒలిచిన నారింజ తొక్కని తలమీద టోపీలా పెట్టుకుని తాతయ్యకి చూపిస్తోంది.

"తాతయ్యా, ఇది కిరీటం."

"ఏంటీ, మరకా?" అన్నాడు తాత.

ముప్పై ఏళ్ళు లేతు మిషన్ పక్కన నిలబడ్డ మనిషి. వినికిడి మిషన్ ఉంది కానీ బ్యాటరీ దండగని తీసి జేబులో పెట్టుకుంటాడు. మధ్యాహ్నం రెండింటి నుంచి కలప డిపో దగ్గర కాపలా ఉద్యోగం. "మీ నాన్న కాపలా ఉన్నచోట దొంగలు గట్టిగా అరిచి మరీ రావాలి," అని పెద్దావిడ కొడుకుతో అంటుంటుంది. ఆయన చెవుడు ఇంట్లో అందరి నోళ్ళలో ఉంటుంది, వీధిలో కూడా. ఆ మాటకి ఆయనే ముందు నవ్వుతాడు. పెద్దావిడకి ఒక్కోసారి అది చూస్తే అసూయ పుడుతుంది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కోడలు షాపుకి పోతుంది, రెండింటికి ముసలాయన డిపోకి. కొడుకు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో. ఎప్పుడు ఏ భవనంలో ఉంటాడో అతనికే తెలీదు. రెండింటి నుంచి ఆరున్నర దాకా పిట్ట, నానమ్మ. వెనకవీధిలో పిల్లల్ని చూసుకునే కేంద్రం ఒకటి పెట్టారని, అక్కడ వేద్దామా అని కోడలు కిందటి నెల అడిగితే, "నేను మంచాన పడ్డాక వేద్దువుగాని," అని పెద్దావిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఆ నాలుగున్నర గంటల్లో వాళ్ళిద్దరికీ ఒక ఆట ఉంది. "ఇప్పుడేం వాసన?" అని నానమ్మ అడుగుతుంది. పిట్ట ముక్కు పైకెత్తి చెబుతుంది. పాలు కాగుతున్నాయి. పక్కింట్లో ఉల్లిపాయ వేగుతోంది. తడిబట్ట. వాన. ఒకసారి "గ్యాస్" అని చెప్పింది. నిజంగానే బర్నర్ ఆరిపోయి ఉంది. ఆ రోజు పెద్దావిడ స్టవ్ కట్టేసి, కిటికీలు తెరిచి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. "ఈ ఆట మన ఇద్దరిదే. అమ్మకి చెప్పకూడదు," అంది. పిట్ట తలూపింది. పిట్ట మాట ఇస్తే ఇచ్చినట్టే.

చార గొడవ జరిగిన మర్నాడు పనిలోంచి వస్తూ పెద్దావిడ సంచిలో పాత షాంపూ సీసా తెచ్చింది. ఆఫీసులో ఖాళీ చేసిన బ్లీచ్ డబ్బాల అడుగున ఎప్పుడూ కొంచెం మిగులుతుంది. పారబొయ్యమంటారు. ఆమె దాన్ని ఈ సీసాలో ఒంపుకుని, ఇంట్లో బాత్‌రూమ్ సింకు కింద, పైపు వెనకాల గుడ్డచుట్టి పెడుతుంది. వారానికి ఒకసారి, పిట్ట నిద్రపోయే వేళ చూసుకుని, తలుపు వేసుకుని తోముతుంది. తర్వాత నాలుగు బకెట్ల నీళ్ళు కొడుతుంది. కోడలు ఇంటికొచ్చేసరికి ఏమీ మిగలదు.

మొండితనం కాదు అది. కోడలి తొక్కల నీళ్ళు ఆమెకి నిజంగా నీళ్ళలాగే ఉంటాయి. రంగు చూస్తే పలచని టీ, ముక్కుకి ఏమీ లేదు. బ్లీచ్‌కీ వాసన తెలియదు కానీ, అది పోసినప్పుడు కళ్ళు చుర్రుమంటాయి. ఒంట్లో అన్నీ పోయాక కళ్ళు ఒక్కటే ఆమెకి ఇంకా చెబుతున్నాయి, పని అయింది, చాలు అని. ఏడో అంతస్తులో పన్నెండు టాయిలెట్లు. కళ్ళు మండేదాకా తోమి తర్వాతదానికి పోతుంది. అదే ఆమె కొలత.

ఆ రోజు పిట్ట నిద్రపోలేదు. బకెట్‌లో నీళ్ళు పట్టించుకుని, బాత్‌రూమ్ గడపలో చతికిలబడి, సబ్బుపెట్టెని పడవ చేసి తోస్తోంది.

"నానమ్మా, ఇది లిఫ్టు. నీళ్ళ లిఫ్టు. నాన్న బాగుచేస్తాడు."

"మీ నాన్నకి ముందు మన ఫ్యాన్ బాగుచెయ్యమను."

పెద్దావిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కమోడ్ మూత ఎత్తింది. లోపల నీళ్ళు కాస్త రంగు తేలి ఉన్నాయి. పసుపు చార నీడ పడిందనుకుంది.

"పుల్లటి వాసన," అంది పిట్ట.

ఆట ఇంకా మొదలవలేదు. నానమ్మ అడగలేదు. పిట్ట తనంతట తనే చెప్పింది.

"మీ అమ్మ తొక్కలే. ఇల్లంతా అదేగా," అంది పెద్దావిడ, షాంపూ సీసా మూత తిప్పుతూ.

సగం సీసా ఒంపింది. బ్రష్ తీసుకుంది. అంచు కింద మొదలుపెట్టి గుండ్రంగా, మణికట్టు మాత్రమే కదుపుతూ తోమింది. భుజంతో తోమేవాళ్ళు పదేళ్ళకే పని మానేస్తారు. చార అప్పటికే మెత్తబడి ఉంది. చేతికింద సులువుగా లేచిపోతోంది. ఇరవై రెండేళ్ళ చెయ్యి అని మనసులో కాస్త మురిసింది.

"ఇప్పుడు వేరే వాసన. కుట్టే వాసన," అంది పిట్ట.

"అదేనే శుభ్రం వాసన," అంది నానమ్మ.

కళ్ళు చుర్రుమన్నాయి. ఎప్పటికన్నా తొందరగా, ఎప్పటికన్నా గట్టిగా. ఇంకో నాలుగు చుట్లు తోమింది. పిట్ట దగ్గింది. మళ్ళీ దగ్గింది. పడవని వదిలేసి రెండు చేతులతో కళ్ళు నులుముకుంది. తర్వాత వచ్చిన దగ్గు పిల్ల దగ్గులా లేదు. తలుపు కింద ఏదో ఇరుక్కుని రాసుకుంటున్నట్టుంది.

పెద్దావిడ తిరిగి చూసింది. తన గొంతు కూడా పట్టేస్తోందని అప్పుడు తెలిసింది. బ్రష్ వదిలేసి, పిల్లని తడిబట్టలతోనే ఎత్తుకుని, వాకిట్లోకి, మెట్ల మీదకి, వీధిలోకి వచ్చేసింది. చెప్పుల్లేవు. పిట్ట డొక్కలు లోపలికి పోయి వస్తున్నాయి. ఇన్హేలర్ తేవడానికి లోపలికి వెళ్ళి, కిటికీ తోసి, కమోడ్‌లో రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించి, చెయ్యి అలవాటున షాంపూ సీసాని కడిగి సంచిలో దోపింది. ఆ చివరి పని ఎందుకు చేసిందో ఆమె అప్పుడు ఆలోచించలేదు. తర్వాత మాత్రం మూడు రోజులు దాని గురించే ఆలోచించింది.

ఆసుపత్రిలో పిట్ట మొహానికి మాస్క్ పెట్టారు. మాస్క్‌లోంచి పొగలా మందు వస్తోంది. పిల్ల కళ్ళు ఎర్రగా, మాస్క్ పైనుంచి, నానమ్మనే చూస్తున్నాయి.

"ఏదో పీల్చింది. ఇంట్లో బ్లీచ్ ఏమైనా వాడారా?" అడిగింది నర్సు. ఎడంచేత్తో కాగితం మీద రాస్తూ అడిగింది.

అప్పుడే పరుగున వచ్చిన కోడలు ఊపిరి కూడదీసుకుంటూ, "మా ఇంట్లో బ్లీచ్ లేదండీ. ఏడాదై లేదు," అంది.

"మరి?"

కోడలు పిల్ల మొహం మీది మాస్క్ వైపు చూసింది. "వెనిగర్ ఉంది. తొక్కలు నానబెట్టిన వెనిగర్. షాపుకి పోయేముందు కమోడ్‌లో పోసి వెళ్ళాను. నీళ్ళు కలపకుండా. గిన్నెడు."

పెద్దావిడ ఆమెవైపు చూసింది. నీళ్ళు రంగు తేలి ఉండటం గుర్తొచ్చింది. పుల్లటి వాసన.

"వెనిగర్‌కే ఇంత అవుతుందా?" అంది నర్సు తనలో తను అనుకుంటున్నట్టు. "ఏమో, ఆయాసం పిల్ల కదా," అని రాసుకుని వెళ్ళిపోయింది.

పెద్దావిడ పిల్ల పాదం పట్టుకుని కూర్చుంది. చెప్పడానికి ఆ క్షణం ఉంది. తర్వాత కొడుకు వచ్చాడు, చేతులకి గ్రీజుతో, ఆ క్షణం అయిపోయింది.

సాయంత్రానికి పిల్లని ఇంటికి పంపించారు. దగ్గు ఉంది కానీ డొక్కలు ఎగరడం ఆగింది. కొడుకు అరవలేదు. అతను కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు.

"పుస్తకాలు కుట్టుకునేదానివి కుట్టుకోక నీకెందుకీ ప్రయోగాలు? ఎవరో ఏదో చెప్పారని నా పిల్ల మీదా?"

"పిట్ట కోసమే కదా మొదలుపెట్టింది," అంది కోడలు.

"పిట్ట కోసం పిట్టనే చంపుతావా?"

అన్నాక అతనికే ఆ మాట ఎక్కువైంది. లేచి వంటింట్లోకి వెళ్ళి, వడగట్టిన సీసాలు, నానుతున్న సీసాలు, అన్నీ సింకులో వంపేశాడు. తొక్కలు జాలీ మీద కుప్పపడ్డాయి. వాటిని కోడలే ఎత్తి కవర్లో వేసింది. ఖాళీ సీసాలు కడిగి, తుడిచి, బోర్లించింది. ఆమె ఏడుస్తూనే సీసాల మెడల దగ్గర గుడ్డ తిప్పి తిప్పి తుడిచింది. అది చూడటం పెద్దావిడకి కష్టమైంది.

"అమ్మ ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో," అన్నాడు కొడుకు. వచ్చి తల్లి పక్కన కూర్చుని, ఆమె కాళ్ళు చూశాడు. చెప్పుల్లేకుండా పరుగెత్తిన అరికాలు చీరుకుపోయి ఉంది. అతను తడిగుడ్డ తెచ్చి తుడిచాడు. పెద్దావిడ కాలు వెనక్కి లాక్కోబోయింది. అతను వదల్లేదు. ముసలాయన పక్కనుంచి, "దానికి కాళ్ళు ఎప్పుడూ గట్టివే. చెవులు నావి, కాళ్ళు దానివి," అన్నాడు, ఏం జరిగిందో సగం తెలిసి. ఎవరూ నవ్వలేదు.

వంటింట్లో కోడలు మెల్లగా అంది: "నాదే తప్పత్తయ్యా. మీరు నీళ్ళలా ఉందన్నారని పంతం పట్టాను. చార పోగొట్టి సాయంత్రం మీకు చూపిద్దామనుకున్నా."

"చార పోయింది," అంది పెద్దావిడ. ఇంకేదో అనాలి. అనలేదు.

"షాపులో చెప్పేస్తాను, ఈ నెలాఖరుకి మానేస్తానని. ఆయనా అదే అంటున్నారు. నేనింట్లో ఉంటే ఇలా జరిగేది కాదు."

అట్ట మీద గుడ్డ ఎక్కించి, పుస్తకం వీపు గుండ్రంగా తీర్చి, పెద్ద పెద్ద రిజిస్టర్లు కుట్టే పని ఆమెది. షాపులో ఆ పని ఆమె ఒక్కతికే ఇస్తారు. ఒకసారి పిట్టది చినిగిపోయిన బొమ్మల పుస్తకాన్ని ఇంట్లోనే కుట్టి, అట్ట వేసి ఇస్తే, పెద్దావిడ దాన్ని ఏడో అంతస్తుకి పట్టుకెళ్ళి అందరికీ చూపించి వచ్చింది.

మర్నాడు తెల్లారేసరికి పెద్దావిడ ఏడో అంతస్తులో ఉంది. పన్నెండు టాయిలెట్లలో మొదటిది తెరిచి, బకెట్ కింద పెట్టి, డబ్బా ఎత్తింది. కాసేపు అలాగే నిలబడింది.

"ఏంటి ఏడో అంతస్తూ, దానికి దండం పెడుతున్నావా?" అంది ఆరో అంతస్తు ఆమె తలుపు దగ్గర నిలబడి. ఆమెని అందరూ రేడియో అంటారు. ఒకసారి మొదలైతే కట్టేసే మీట లేదు. కింద జ్యూస్ కౌంటర్‌కి ఉదయం పళ్ళు వచ్చే వేళ. నిన్నటి తొక్కలు పారేసే కవరు రేడియో చేతిలో ఉంది.

"ఆ కవరు ఇలా ఇయ్యి," అంది పెద్దావిడ.

"తొక్కలెందుకు?"

"మా కోడలికి."

పెద్దావిడ ఒక తొక్క తీసి, చేత్తో విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండు లెక్కపెట్టింది. పది దాకా లెక్కపెట్టింది. తర్వాత రేడియోకి అందించింది.

"చూడు. తాజాగా ఉన్నాయా? వాసనొస్తోందా?"

రేడియో తొక్క పుచ్చుకుంది. పీల్చింది. కళ్ళు కొద్దిగా మూసింది. పెద్దావిడ ఆ మూసిన కళ్ళని గుర్తుపట్టింది.

"బాగానే..." అని మొదలుపెట్టి, రేడియో ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "నన్నడుగుతావేంటమ్మా," అంది చివరికి. "నాది పోయి మూడేళ్ళు."

పెద్దావిడ నవ్వింది. రేడియో కూడా నవ్వింది. నవ్వు టాయిలెట్ గోడలకి తగిలి వెనక్కొచ్చేసరికి ఇద్దరూ ఒకేసారి ఆపేశారు.

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్పి? నాలుగో అంతస్తు ఆమె చెప్పింది. ఎక్కడుంది ఇప్పుడు?" అంది రేడియో. ఒక్క మాటకే ఆగిపోవడం ఆమె వల్ల అయిందంటే అది అదే మొదటిసారి.

ఆ రోజు పెద్దావిడ కళ్ళు మండేదాకా తోమలేదు. ప్రతిచోటా లెక్కపెట్టి ఇరవై చుట్లు తోమి, లేచి, వంగి చూసింది. తెల్లగానే ఉన్నాయి. ఎన్నేళ్ళుగా అవసరానికి మించి తోముతోందో లెక్క తెలియలేదు.

ఇంటికి తిన్నగా రాలేదు. వెనకవీధిలో పిల్లల కేంద్రం ముందు ఆగింది. రెండు గదులు, చిన్న వాకిలి. గోడకి పిల్లల ఎత్తు వరకే రంగు మాసి ఉంది. చేతులు తగిలే ఎత్తు. లోపల ఒకావిడ నేల తుడుస్తోంది. పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి ఆమె తుడిచే తీరు చూసింది. వెనక్కి నడుస్తూ తుడుస్తోంది, అడుగులు పడకుండా. పని తెలిసిన మనిషే.

"దేంతో తుడుస్తారమ్మా?"

"సబ్బునీళ్ళు పెద్దమ్మా. పిల్లలు నాకుతారు కదా నేలంతా."

"బ్లీచ్?"

"రాత్రి పిల్లలెవరూ లేనప్పుడు, బయటి దొడ్డికి మాత్రమే."

"వాసన తెలుస్తుందా నీకు?" అంది పెద్దావిడ.

ఆ ప్రశ్న వింతగా అనిపించినా, ఆవిడ తుడవడం ఆపి జవాబు చెప్పింది. "తెలుస్తుంది. మీరు సంచిలో నారింజలేవో తెచ్చారు."

పెద్దావిడ సంచి చూసుకుంది. తర్వాత అడిగింది, ఒక పిల్ల ఉంది, ఆయాసం పిల్ల, చోటు ఉందా అని.

ఇంట్లో ఆ రెండు రోజులు మధ్యాహ్నాలు కోడలే ఉంది, షాపులో సెలవు చెప్పి. పిట్ట తల్లి ఒళ్ళోనే ఆడుకుంది. నానమ్మ దగ్గరికి రావడానికి భయపడలేదు కానీ, ఒకసారి వచ్చి చెవిలో, "ఆట ఆడదామా?" అని అడిగింది.

"వద్దులే ఇవాళ."

"నేను చెప్పాను కదా నానమ్మా. కుట్టే వాసనని."

"చెప్పావు తల్లీ."

"అమ్మకి చెప్పలేదు. మాటిచ్చాను కదా."

పెద్దావిడ పిల్ల జుట్టు వెనక్కి తోసింది. ఆ నుదురు ముద్దుపెట్టుకునేటప్పుడు అందరూ ఏదో వాసన గురించి చెబుతారు, పసివాసన అని. ఈ పిల్ల పుట్టేనాటికే ఆమెకి అది పోయింది. కొడుకు పసితనంలో ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తుచేసుకోబోతే రాలేదు. నునుపు మాత్రమే తెలిసింది.

ఆదివారం ఉదయం అందరూ ఇంట్లోనే ఉన్నారు. పెద్దావిడ వంటింట్లో కింద చాప పరిచి, తొక్కలు ముందేసుకుని కూర్చుంది. చెంచా అంచుతో ఒక్కో తొక్క లోపలి తెల్లపొర గీకింది. పొర ఉంటే నీళ్ళు మడ్డిగా అవుతాయని కోడలు అంటుండగా ఎన్నోసార్లు వింది. గీకిన తొక్కలని వేలెడంత ముక్కలు చేసి, బోర్లించి ఉన్న సీసాల్లో పెద్దది తీసి, అందులో కుక్కింది. పైనుంచి వెనిగర్ పోసింది, తొక్కలు మునిగేదాకా. మూత బిగించింది. తర్వాత పిట్ట రంగుపెన్సిళ్ళలోంచి నల్లది తీసుకుని, కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసింది. ఆమె రాత వంకరగా ఉంటుంది, రాయడం తక్కువ. వెనిగర్. ఇందులోగానీ, ఇది పోసిన చోటగానీ ఇంకేమీ పొయ్యకూడదు. కింద తారీఖు వేసింది.

కాగితం అంటించడానికి జిగురు అడిగింది. కోడలు బిత్తరపోయి చూస్తూనే జిగురు ఇచ్చింది. కానీ పెద్దావిడ పూసిన తీరు చూసి ఉండబట్టలేక, బ్రష్ తనే అందుకుని అంచుల దాకా పలచగా పూసి, గుడ్డతో ఒత్తింది.

"మళ్ళీ ఎందుకమ్మా ఇవి?" అన్నాడు కొడుకు గుమ్మంలోంచి. "ఒకసారి అయింది చాలదా?"

"లోపలికి రా. నాన్నని కూడా పిలువు," అంది పెద్దావిడ.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. పిట్ట తాత ఒళ్ళో ఎక్కింది. బల్ల మధ్యలో సీసా. దాని పక్కన పెద్దావిడ సంచిలోంచి తీసి ఇంకోటి పెట్టింది. ఖాళీ షాంపూ సీసా.

"ఇందులో బ్లీచ్ ఉండేది," అంది. "పని దగ్గర్నుంచి నేను తెచ్చేదాన్ని. మొన్న కమోడ్‌లో పోసింది నేనే. అమ్మాయి పోసిన వెనిగర్ మీద పోశాను. ఆ రెండూ కలిస్తే ఊపిరాడదని మాకు పనిలో చేరిన రోజునే చెప్పారు. నాకు తెలుసు. వెనిగర్ ఉందనే తెలీలేదు."

కొడుకు సీసా వైపు, తల్లి వైపు చూశాడు. "మూత ఎత్తితే తెలియదా అమ్మా? అంత ఘాటు."

"నాకు తెలీదు. నాకు వాసన రాదు. ఐదేళ్ళయింది."

కోడలి చెయ్యి ఇంకా సీసా మీద కాగితాన్ని ఒత్తుతూనే ఉంది, ఒత్తాల్సిన పని లేకపోయినా. "నిమ్మ వాసన అన్నారు," అంది. ఎవరికి చెబుతోందో తెలియనట్టు చెప్పింది.

"అన్నాను."

"ఆసుపత్రిలో నేను..."

"విన్నాను. నువ్వు నీ మీద వేసుకుంటుంటే విని ఊరుకున్నాను. నీ మొగుడు అన్న మాటలూ విన్నాను." పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది. "నాన్నా, ఆ మాట నన్ను అనాల్సింది. అమ్మాయిని కాదు."

కొడుకు తలవంచి, గోళ్ళలో గ్రీజు చూసుకున్నాడు. భార్య వైపు తిరగబోయి, తిరగలేకపోయాడు.

"అమ్మాయ్, నువ్వు షాపు మానొద్దు. రేపట్నుంచి పిట్ట మధ్యాహ్నాలు వెనకవీధి కేంద్రంలో ఉంటుంది. నేను వెళ్ళి మాట్లాడి వచ్చాను. నేల సబ్బునీళ్ళతో తుడుస్తారు. తుడిచే మనిషికి వాసన తెలుసు, చూశాను. నేను పని నుంచి వచ్చి దించుతాను, సాయంత్రం వెళ్ళి తెచ్చుకుంటాను. ఇంట్లో పిల్లా నేనూ ఒంటరిగా ఉండం."

"అత్తయ్యా, కిటికీలు తెరిచి పెట్టుకుంటే..." అని మొదలుపెట్టింది కోడలు.

"అది నాకు చెప్పింది," అంది పెద్దావిడ పిట్టని చూపిస్తూ. "రెండుసార్లు చెప్పింది. నాలుగేళ్ళ పిల్ల ముక్కు అరువు తెచ్చుకుని ఎన్నాళ్ళు ఇల్లు నడుపుతాను?"

పిట్ట, ఇక రహస్యం లేదని తెలిసిన ధైర్యంతో, ముందుకు వంగి సీసా మూతకి ముక్కు ఆనించింది. "నారింజ," అని ప్రకటించింది. "కొంచెం పుల్లగా."

ముసలాయన ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తున్నాడు. వినికిడి మిషన్ జేబులోనే ఉంది.

"ఏమంటోంది? ఎందుకందరూ అలా ఉన్నారు?" అని కొడుకుని అడిగాడు. కొడుకు ఇంకా గోళ్ళే చూసుకుంటున్నాడు. కోడలిని అడిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఉంది.

పెద్దావిడ లేచింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, భర్త పక్కన వంగి, ఆయన చెవికి చెయ్యి అడ్డంపెట్టింది. ఆయనతో ఏది చెప్పాలన్నా గట్టిగా చెప్పాలి. వీధి కిటికీ తెరిచే ఉంది.

"నాకు వాసన తెలీదయ్యా," అంది, వీధికి కూడా వినిపించేలా. "రేపట్నుంచి పిట్టని నా దగ్గర ఒంటరిగా వదలొద్దని చెబుతున్నాను."